కలబంద, కొబ్బరి నూనె క్రీమ్ మూడు నాలుగు రోజులకే పులిసిపోతోంది, నిలవ ఉండాలంటే ఏం చేయాలి?

కొర్లగుంట పాప:
అక్కలూ, అన్నలూ, ఒక సలహా కావాలి. మాది తిరుపతి. అమ్మకి మడమలు బాగా పగిలిపోయాయి, దానికితోడు అలిపిరి మెట్లదారిలో చెప్పుల్లేకుండా ఎక్కుతుంది, వద్దంటే వినదు. షాపు క్రీములు రాస్తే మంటగా ఉందంటోంది. అందుకని పక్కింటి పిన్ని చెప్పినట్టు ఇంట్లోనే చేస్తున్నాం. పెరట్లో కలబంద గుజ్జు, కొబ్బరి నూనె, కస్తూరి పసుపు, కాస్త ఎర్రచందనం పొడి, అన్నీ మిక్సీలో తిప్పి సీసాలో పెట్టడమే. చేసినప్పుడు వెన్నలా ఉంటుంది, మర్నాటికి అడుగున నీళ్ళు, పైన నూనె, మూడు నాలుగు రోజులకి పులిసిన వాసన. విటమిన్ ఇ క్యాప్సూల్ కలిపితే నిలవ ఉంటుందని ఒక వీడియోలో చెప్పారు, కలిపినా తేడా లేదు. నిమ్మరసం, బావంచాల గింజల పొడి కూడా వేస్తే నలుపు పోతుందని పిన్ని అంటోంది, వేయొచ్చా? ఎర్రచందనం పొడి అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి?

చంద్రగిరి అక్క:
అమ్మాయ్, కలబంద గుజ్జంటే దాదాపు అంతా నీళ్ళే. నీళ్ళూ నూనే వాటంతట అవి కలవవు, మిక్సీ తిప్పినంతసేపూ కలిసినట్టు కనబడతాయంతే. పైగా తడి ఉన్నచోట బూజూ బాక్టీరియా పెరగకుండా ఉండవు, మన తిరుపతి ఎండల్లో అయితే మరీ తొందరగా. విటమిన్ ఇ నూనె ముక్కిపోకుండా కాపాడుతుంది గానీ బూజుని ఆపలేదు, ఈ రెండూ వేరువేరు పనులు, వీడియోల్లో ఒకటే అన్నట్టు చెప్పేస్తుంటారు.

మడమల పగుళ్ళకి అసలు నీళ్ళ క్రీమ్ అక్కర్లేదు, మైనం లేపనం చెయ్యి. కొబ్బరి నూనె 60 గ్రాములు, నువ్వుల నూనె 40 గ్రాములు, తేనెమైనం 20 గ్రాములు. కొవ్వొత్తి మైనం వాడొద్దు, తేనెపట్టు మైనమే కావాలి. కొబ్బరి నూనె 25 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మైనం 25 గ్రాములు వేసుకో, లేకపోతే సీసాలో జారుగా ఉంటుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతుండగా దాంట్లో చిన్న స్టీలు గిన్నె పెట్టి నూనె, మైనం కరిగించాలి, నేరుగా మంట మీద పెట్టకు. మైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది, ఆ వేడి చాలు. ముందుగా స్టీలు ప్లేటు ఒకటి ఫ్రిజ్‌లో పెట్టుకుని, కరిగాక ఒక చెంచాడు దాని మీద పొయ్యి, నిమిషంలో గట్టిపడుతుంది. వేలితో నొక్కితే గోరు దిగాలి, గీస్తే పెళుసుగా రాలకూడదు. గట్టిగా అనిపిస్తే నూనె, మెత్తగా అనిపిస్తే మైనం, కొంచెం కొంచెం కలిపి మళ్ళీ చూసుకో.

వేపాకు, పసుపు వేయాలనుకుంటే బాగా ఎండినవే వేసి, నూనెని అదే వేడినీళ్ళ గిన్నెలో రెండు గంటలు సన్నసెగ మీద ఉంచి, పల్చటి మల్లు గుడ్డలో వడకట్టి, అప్పుడు మైనం వెయ్యి. పచ్చి ఆకు వేస్తే దాని తడి నూనెలోకి వచ్చి మళ్ళీ మొదటికే వస్తుంది కథ. సీసా మరిగించి, పూర్తిగా ఆరబెట్టాకే నింపు, తీసేటప్పుడు తడి వేలు పెట్టకుండా పొడి చెంచా వాడండి. నూనెలు తాజావి అయితే నెలల తరబడి ఉంటుంది.

రాత్రి పడుకునే ముందు కాళ్ళు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, తడి అద్ది, వెంటనే రాసి నూలు సాక్సులు వేయమను. నేలమీద జారుతుంది, సాక్సులు లేకుండా నడవనివ్వకు. రక్తం కారేంత లోతు పగుళ్ళున్నా, ఆమెకి షుగరున్నా ఇవన్నీ పక్కనపెట్టి మన రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మం డాక్టరుకి చూపించాలి.

చిత్తూరు ఫార్మసీ:
అక్క చెప్పింది సరైనది. నేను నిమ్మరసం, బావంచాల గురించే చెప్తాను, ఎందుకంటే ఇవి నిజంగా ప్రమాదం. నిమ్మరసం చర్మానికి చాలా పులుపు, అది రాసుకుని ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు పడతాయి. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఎండ తగిలితే చర్మాన్ని నల్లబరుస్తుంది, బొబ్బలెక్కిస్తుంది కూడా. అందుకే బొల్లి మచ్చలకి డాక్టర్లు సొరాలెన్ మందులు కొలతగా వాడి, కొలతగా కాంతి చూపిస్తారు. అంటే నలుపు పోగొట్టడం మాట అటుంచి, అది చేసేది సరిగ్గా ఎదురు పని. సున్నిపిండిలో వేసినా కడిగేస్తాం కాబట్టి సరిపోతోంది, రాసి వదిలేసే లేపనంలో మాత్రం వద్దు. కలబంద వాడినప్పుడు కూడా ఆకు కోసి నిలబెట్టి, ఆ పసుపుపచ్చ జిగురంతా కారిపోనిచ్చి, గుజ్జు కడిగి వాడండి, దురద పుట్టించేది ఆ జిగురే. ఏం చేసినా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడాలి.

శేషాచలం అన్న:
ఎర్రచందనం సంగతి నేను చెప్తా. అసలుది చల్లనీళ్ళలో చిటికెడు వేస్తే నీళ్ళకి పెద్దగా రంగు రాదు, పొడి అడుక్కి చేరుతుంది. ఆ రంగు నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో అయితే చక్కగా దిగుతుంది. వేసీవేయగానే నీళ్ళు ఎర్రగా మారితే రంగు కలిపిన పొడి అని అనుమానించాల్సిందే. పొడి కొనడం కన్నా మన తిరుపతి చెక్కబొమ్మలుంటాయి చూడు, పాతకాలం ఇళ్ళలో రక్తచందనం బొమ్మని సాన మీద అరగదీసి గంధం తీసేవాళ్ళు, మీ అమ్మమ్మ వాళ్ళింట్లో ఉందేమో అడుగు. కొండలో చెట్టు నరికి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం చెక్క కొనొద్దు తల్లీ, అది అటవీ కేసు. ఎలాగూ లేపనంలో ఈ పొడి గరుకుగా తగులుతుంది, పగుళ్ళలో ఇరుక్కుంటుంది. అమ్మ కాళ్ళకి దాని పని లేదు.

కొర్లగుంట పాప:
అందరికీ థాంక్స్ అండీ, ఈ వారమే మైనం తెచ్చి చేస్తాను. ఒకటే డౌటు, మా వీధిలో వాళ్ళు చేసిస్తే కొంటామంటున్నారు, అమ్మొచ్చా?

చిత్తూరు ఫార్మసీ:
ఇంట్లోకీ, చుట్టాలకీ ఊరికే ఇవ్వడం వేరు. అమ్మకానికి తయారు చేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి. సీసా మీద ఏమేం వేశారో, ఎప్పుడు చేశారో ముద్రించాలి. ముందు ఔషధ నియంత్రణ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, అంతవరకూ డబ్బులు తీసుకోకండి.