సమస్య: "కనులు లేని మొగము కలలు గాంచె"

నిర్వాహకుడు, నెల్లూరు:
మా వీధిలో రిటైరైన డ్రాయింగు మాష్టారు ఒకరున్నారు. ఆయన జేబులో ఇంకు పెన్ను, చిన్న నోటుబుక్కు ఎప్పుడూ ఉంటాయి. రైల్లో, టీ కొట్టు దగ్గర, పెళ్ళి పంక్తిలో ఎవరి మొగం నచ్చితే వాళ్ళది గీసేస్తారు. పెన్సిలు ముట్టరు. ఇంకు గీత చెరపడానికి ఉండదు, అందుకే తప్పు పడ్డ గీతని కూడా ముడతగానో మీసంగానో మలిచేస్తారు. మొన్న ఆ పుస్తకం నా చేతికిచ్చారు. చాలా మొగాలకి కళ్ళు లేవు. ఒకచోట నీడ, ఒకచోట రెండు గీతలు, ఇంకోచోట ఏమీ లేదు. అయినా వాళ్ళంతా నన్నే చూస్తున్నట్టుంది. సమస్య అక్కడ పుట్టింది. నాలుగు పాదాల ఆటవెలది పద్యానికి ఇది నాలుగో పాదం, ఐదు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల లయ ముక్కలు). మూడు బొమ్మల ఫోటోలు పెట్టాను, చూసి ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించండి.

కావలి సభ్యుడు (మొదటి బొమ్మకి):

రైలు పెట్టెలోన రైతు కునుకు తీయ
రెండు గీతలందు రెప్ప మూసె
పాళి జారు నలుపు పండు చేనై పోవ
కనులు లేని మొగము కలలు గాంచె

నిర్వాహకుడు:
మూడో పాదం చాలా బాగుంది అన్నా. పాళీ నుంచి జారిన నలుపే చేనైంది. రెండో పాదంలో మాత్రం రెప్ప మూసింది రైతా, చిత్రకారుడా? "రెండు గీతలయ్యె రెప్పలచట" అంటే ఆ చిక్కు ఉండదు, యతీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) నిలుస్తుంది.

ఒంగోలు సభ్యుడు (రెండో బొమ్మ, కొత్తపట్నం ఒడ్డున గీసిందట):

చేపతట్ట నీడ చెంప దాక దిగగ
చిక్కనైన సిరకు చిక్కె చూపు
వేట కేగు మగని వెంట వెంట తిరిగి
కనులు లేని మొగము కలలు గాంచె

కావలి సభ్యుడు:
"వెంట వెంట తిరిగి" దగ్గర ఆగిపోయాను. పొద్దుటే పడవ వెళ్ళాక ఒడ్డున నిలబడ్డవాళ్ళని చూసినవాడే ఆ మాట రాయగలడు. ఒక్క సవరణ: సిర అంటే నరం. రాసేది సిరా. గణం కోసం దీర్ఘం తీసేస్తే అర్థమే మారిపోయింది. "చిక్కనైన మసికి" అనండి. మసికి సిరా అనే అర్థం సంస్కృతంలోనే ఉంది.

ఒంగోలు సభ్యుడు:
నిజమే, మార్చుకున్నాను. మసి అంటే ఆ నీడ కూడా ఇంకా చిక్కబడింది.

కొత్త సభ్యురాలు, నెల్లూరు:
ఇది నా మొదటి పద్యం, టెన్షన్‌గా ఉంది. మూడో బొమ్మలో ఉన్నది మా నాన్న. ఆయన పోయాక మాష్టారు గుర్తు తెచ్చుకుని గీశారు.

తండ్రి రూపు మదిని తలచుకొనుచు గీసె
కంటి చోట మిగిలె తెల్లదనము
చిత్రమందు తెలుపు చిన్న నవ్వై తోచ
కనులు లేని మొగము కలలు గాంచె

నిర్వాహకుడు:
అమ్మా, గణాలు అన్నీ సరిపోయాయి. రెండో పాదంలో "కం"కి "తె" యతి కుదరదు. "కంటి చోట మిగిలె కాగితంబు" అంటే సరిపోతుంది. తెలుపు అన్న భావం రెండుసార్లు రావడమూ తప్పుతుంది. గీయకుండా వదిలిన కాగితం మీదే పద్యమంతా నిలబెట్టారు. నేను ఆ బొమ్మ ఎన్నిసార్లో చూశాను, నాకది తట్టలేదు.

కొత్త సభ్యురాలు:
సవరించిన పద్యం సాయంత్రం మాష్టారికి చదివి వినిపించాను. కళ్ళు ఎందుకు గీయలేదండీ అని అడిగాను. "మీ నాన్న నవ్వితే కళ్ళు కనిపించేవి కావు గదమ్మా" అన్నారు.