స్ట్రోక్ తర్వాత మాట తడబాటు: అప్రాక్సియానా, డిసార్థ్రియానా?

ప్రశ్న: ఎడమ మెదడులో స్ట్రోక్, కుడి చెయ్యి బలహీనం. చెప్పింది అర్థమవుతోంది గానీ మాట తడుముకుంటూ వస్తోంది. ఇది అప్రాక్సియానా (కండరాల్లో బలం ఉన్నా మాటకు కావాల్సిన కదలికలను మెదడు వరుసగా కూర్చలేకపోవడం), డిసార్థ్రియానా (మాట కండరాల బలహీనత లేదా అదుపు తప్పడం) అని మంచం పక్కనే తేల్చడం ఎలా?

జవాబు: ముందు పెదవులు, నాలుక, అంగిలి బలం చూడండి. తర్వాత ‘పపప’, ‘తతత’, ‘కకక’ విడివిడిగా, ఆపైన ‘పతక’, ఒక్కోటి 5 సెకన్లు రికార్డు చేయండి. మామూలుగా పెద్దవాళ్ళు ‘ప’ని సెకనుకు సుమారు 5–7 సార్లు అంటారు. విడిగా బాగానే వచ్చి ‘పతక’లో వరుస చెడితే అప్రాక్సియాను అనుమానించాలి. అన్నీ ఒకేలా ముద్దగా వస్తే డిసార్థ్రియా వైపు. రెండూ కలిసీ ఉండొచ్చు.

జవాబు: పదం పొడవయ్యేకొద్దీ మాట చెడుతోందా అనీ చూడండి. పదం పొడవు పెంచడం తెలుగులో తేలిక: బడి, బడిలో, బడిలోంచి. ఒక్కోటి మూడుసార్లు అనిపించండి. అక్షరాలు విడివిడిగా తెగుతున్నాయా, అచ్చులు సాగుతున్నాయా అన్నది రాసుకోండి. అప్రాక్సియా అయితే ‘తప్పు ప్రతిసారీ మారాలి’ అనే పాత గుర్తు మీద మరీ ఆధారపడొద్దు. ధ్వని చెదరకుండా, ఒకదాని బదులు ఇంకోటి స్పష్టంగా పలికితే అది అఫేసియా (భాషా సామర్థ్యమే దెబ్బతినడం) వల్ల వచ్చే తప్పు కావొచ్చు. ఒకటి నుంచి పది వరకు లెక్క గడగడా వచ్చి, వెనక్కి లెక్కలో ఆగిపోవడమూ గమనించండి.

జవాబు: చేతుల అప్రాక్సియా (బలం ఉన్నా చేతి పనిని సరిగ్గా చేసి చూపలేకపోవడం) కూడా చూడాలి, ఎడమ చేత్తోనే. దువ్వెన లేకుండా దువ్వుకున్నట్టు చూపమనండి, తర్వాత మీరు చేసి చూపండి, చివర్లో దువ్వెన ఇవ్వండి. వేళ్ళనే దువ్వెనగా వాడితే ఒకసారి సరిదిద్దండి. అయినా అదే చేస్తే తప్పుగా లెక్కించండి. సైగలు నేర్పే ముందు ఈ ఫలితం చేతిలో ఉండాలి.