బిల్లీ హాలిడే చివరి రోజుల గొంతు: వింటున్నది పాటనా, ఆమె పడిన కష్టాన్నా?

మంద్రస్థాయి:
జాజ్ గాయని బిల్లీ హాలిడే మాట వస్తే చాలు, అందరూ ముందు 'లేడీ ఇన్ శాటిన్' పేరే చెబుతున్నారు. వయొలిన్ల బృందంతో 1958 ఫిబ్రవరిలో పాడిన ఎల్పీ అది. మరుసటి ఏడాది జులై 17న, 44 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. అది ఆమె అత్యుత్తమ రికార్డు అంటే నేను ఒప్పుకోను. అప్పటికే ఆ గొంతు ఎండిపోయింది. స్వరం నిలవక ఆమె పడే అవస్థకు మనం 'భావం' అని పేరు పెట్టుకున్నాం. 1937లో లెస్టర్ యంగ్ శాక్సఫోన్‌తో కలిసి పాడిన మూడేసి నిమిషాల గ్రామఫోన్ ప్లేట్లను ఎందరు విన్నారు? 'ఎ సెయిల్‌బోట్ ఇన్ ద మూన్‌లైట్' వినండి. పాట చాలా మామూలుది. ఆమె ప్రతి మాటనూ తాళానికి వెంట్రుకవాసి వెనక వేస్తుంది. ఆ మాటల సందుల్లోకి లెస్టర్ వచ్చి పోతుంటాడు. ఎవరి వెంట ఎవరు నడుస్తున్నారో చెప్పలేం. ఇంతటి పాట మరుగున పడిపోయిందే అన్నదే నా బాధ.

నల్లపళ్లెం:
ఆ ప్లేట్లు నేనూ విన్నానండి, ఇరవై ఏళ్లుగా వింటున్నాను. అవి గొప్పవి కావని ఎవరూ అనలేదు. కానీ 'అవస్థ' అన్న మాట వెనక్కి తీసుకోండి. ఆ ఎల్పీలోనే ఉన్న 'యూవ్ చేంజ్‌డ్' పాటలో ఆమె మాటను ఎక్కడ ఆపిందో, ఎక్కడ వదిలిందో చూశారా? పాట మీద పట్టు తప్పిన మనిషి అలా ఆపలేదు. వయొలిన్లు కూడా ఎవరో ఆమె నెత్తిన రుద్దినవి కావు. ఆ ఎల్పీకి వాద్యబృందాన్ని నడిపిన రే ఎల్లిస్ అంతకుముందు చేసిన ఆల్బమ్ విని, తన పాటలకు అతనే కావాలని ఆమే అడిగింది.

వానకోయిల:
1957 డిసెంబరు 8న టెలివిజన్‌లో ఆమె పాడిన 'ఫైన్ అండ్ మెలో' పాట చూడండి. లెస్టర్ వాయిస్తుంటే ఆమె ముఖం చూడండి. నేను ఇంకేమీ చెప్పను.

మంద్రస్థాయి:
తానే ఎంచుకున్న చీర తనకు నప్పి తీరాలని లేదు. వయొలిన్లు ఆ గొంతు చుట్టూ దుప్పటిలా కప్పుకున్నాయి. 1957లోనే బెన్ వెబ్‌స్టర్, హ్యారీ ఎడిసన్, జిమ్మీ రోల్స్ లాంటి వాళ్లతో చిన్న బృందంలో పాడిన పాటలున్నాయి. గొంతు అప్పటికే అరిగింది, కానీ వాద్యగాళ్లు ఆమెకు చోటు వదిలారు. వాటి గురించి ఇక్కడ ఒక్కరూ రాయరు.

నల్లపళ్లెం:
దుప్పటి కాదండి, నేల. ఆమె గరుకు గొంతు కింద ఆ నున్నటి నేల ఉంది కాబట్టే ప్రతి గీతా కనిపిస్తోంది. అర్బీ గ్రీన్ ట్రాంబోన్ వినిపించే చోట్లు మళ్లీ వినండి. రే ఎల్లిస్ కూడా రికార్డింగ్ జరుగుతున్నప్పుడు ఆమె పాట బాగోలేదనే అనుకున్నాడు. తర్వాత తీరిగ్గా విని అభిప్రాయం మార్చుకున్నాడు. ఆ మాట అతనే చెప్పాడు. మీరూ ఇంకోసారి వినవచ్చు కదా?

మంద్రస్థాయి:
పన్నెండు సార్లు విన్నాను. నాకు వినడం రాదని చెప్పదలచుకుంటే నేరుగానే చెప్పండి.

రెండోచరణం:
ఇద్దరూ వయొలిన్ల దగ్గరే ఆగిపోయారు. 1947లో జైలుకు వెళ్లాక ఆమెకు న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే అనుమతి కార్డు లేకుండా చేశారు. మద్యం అమ్మే ఏ క్లబ్బులోనూ ఆ ఊళ్లో పాడే వీలు లేదు. జాజ్ గాయనికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? ఆ కష్టమంతా 1958 నాటి గొంతులో ఉంది. అందుకే ఆ రికార్డు మనల్ని కదిలిస్తుంది.

మంద్రస్థాయి:
సరిగ్గా ఇదే నాకు మంట! ఆమె కష్టపడింది కాబట్టి పాట గొప్పదా? మరి 1937లో 22 ఏళ్ల పిల్ల, ఏ గాయని దగ్గరా లేని లయజ్ఞానంతో పాడింది, అది ఆమె బుద్ధి కాదా? దానికి విలువ కట్టరే! మా అమ్మ లలిత సంగీతం పాడేది. ముప్ఫై ఏళ్ల వయసులో పాడిన క్యాసెట్టు మా ఇంట్లో ఉంది. ఒక్క బంధువూ అడగలేదు. జబ్బు పడి గొంతు బొంగురుపోయాక ఒక సభవాళ్లు వేదిక ఎక్కించి పాడించారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు, ఫోన్లలో తీసుకున్నారు. ఇప్పటికీ ఆ వీడియోనే పంపుకుంటారు. మా అమ్మ అంత పని నేర్చుకుంది వాళ్ల కళ్లు తడపడానికి కాదు.

వానకోయిల:
క్షమించండి. నేను కూడా ముఖం చూడమనే రాశాను.

నల్లపళ్లెం:
మీ అమ్మగారి సంగతి తెలియక కటువుగా రాశాను, మనసులో పెట్టుకోకండి. కానీ నా వైపూ వినండి. నాకు పాఠం చెప్పిన మాస్టారు యాభై అయిదో ఏట పాడడం మానేశారు. ఒక కచేరీలో పై స్థాయి అందక గొంతు చీలితే ముందు వరసలో ఎవరో నవ్వారు. తర్వాత పదిహేడేళ్లు బతికారు. ఇంట్లో కూడా నోరు తెరవలేదు. నేను 'లేడీ ఇన్ శాటిన్' మొదటిసారి విన్నది ఆయన పోయిన ఏడాది. పై స్వరాలు పోయాయి, నిలిపే బలం పోయింది. అయినా మిగిలిన నాలుగు స్వరాలతో ఏం చేయాలో ఆమెకు తెలుసు. 1937లో తాళానికి వెనక నడిచిన ఆ బుద్ధే ఇక్కడా నడుస్తోంది. జాలిపడి వింటున్నాననకండి. మాస్టారు కూడా ఇలా పాడి ఉండవచ్చే అని వింటాను.

రెండోచరణం:
నేను రాసిన దానిలో 'అందుకే' అన్న మాట తప్పు. తీసేస్తున్నాను.

మంద్రస్థాయి:
నల్లపళ్లెం గారూ, ఆ బుద్ధే ఇక్కడా ఉందన్నారు చూడండి, అది నాకు తట్టలేదు. రాత్రి 'సెయిల్‌బోట్', 'యూవ్ చేంజ్‌డ్' పక్కపక్కన పెట్టి విన్నాను. మాటను వెనక వేయడం రెండింట్లోనూ ఒకటే. అయినా వయొలిన్లు నాకు ఎక్కువే. అమ్మ బొంగురు గొంతు వీడియో మాత్రం నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేదు.

నల్లపళ్లెం:
చూడమని నేను అనను. ఆ క్యాసెట్టు మాత్రం టేపు జిగురెక్కకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. నా దగ్గర మంచి డెక్కు ఉంది. ఎన్ని పాటలున్నాయి అందులో?

మంద్రస్థాయి:
రెండు వైపులా కలిపి పదకొండు. ఎక్కిస్తే, ముందు మీకే పంపుతాను.