తెలుగు 'చేశాను', ఇంగ్లీషు 'వర్క్డ్': కొత్తగా వచ్చినవారి సందేహం, జవాబులు

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. నేను ఈ దేశానికి వచ్చి రెండు నెలలయింది. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాను. మొన్న ఒక ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం గురించి అడిగితే 'ఐ హావ్ వర్క్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అని చెప్పాను. అయితే అక్కడ ఎప్పుడు మానేయగలరని ఇంటర్వ్యూ చేస్తున్నావిడ వెంటనే అడిగారు. మానేసి మూడు నెలలయిందని చెప్పేసరికి నా దరఖాస్తును మళ్ళీ మొదటినుంచి తిరగేశారు. నా వాక్యంలో తప్పేమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు. క్రియల పట్టిక నాకు కంఠతా వచ్చు. మాట్లాడబోయేసరికి మాత్రం ఏ గడిలోది వాడాలో తోచడం లేదు. దయచేసి ఎవరైనా వివరించగలరా?

మొదటి జవాబు

అమ్మా, మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అది మీ సంగతి కాక మరొకరి సంగతి చెప్పింది, అంతే. తెలుగులో 'అక్కడ ఐదేళ్ళు పనిచేశాను' అంటే ఆ పని ముగిసిందని వేరే చెప్పనక్కరలేదు. అదే 'చేశాను' ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి రెండుగా చీలుతుంది. పని ముగిసిపోయి, అది జరిగిన కాలం కూడా వెనకబడిపోతే 'వర్క్డ్' అంటారు. పని ఇంకా సాగుతున్నా, దాని ఫలితం నేటిదాకా నిలిచి ఉన్నా 'హావ్ వర్క్డ్' అంటారు. 'హావ్'కు 'ఫర్ ఫైవ్ ఇయర్స్' తోడయితే ఆ ఐదేళ్ళు ఈ రోజుదాకా వచ్చి ఆగాయని వినేవారు అనుకుంటారు. మీరు అనవలసింది 'ఐ వర్క్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అని. నిన్న, పోయిన నెల, 2019లో అంటూ గడిచిన కాలాన్ని పేరుపెట్టి చెప్పినప్పుడు కూడా 'హావ్' పనికిరాదు.

పట్టిక కంఠతా వచ్చునన్నారు కనుక దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఆ పన్నెండు గడులను చూసి బెదిరేవారు గమనించని సంగతి ఒకటుంది: 'వర్క్' వంటి క్రమబద్ధమైన క్రియకు వర్క్, వర్క్స్, వర్క్డ్, వర్కింగ్ అని ఉన్నవి నాలుగే రూపాలు. చేశాను, చేశావు, చేశాడు, చేసింది, చేశారు అని మనం మనిషిని బట్టి మార్చే చోట ఇంగ్లీషువారికి 'వర్క్డ్' ఒక్కటే చాలు. భవిష్యత్తుకు విడిగా రూపమే లేదు. బరువంతా మోసేవి డూ, బీ, హావ్, విల్ అనే సహాయక క్రియలు. అందుచేత మనం నేర్వవలసింది రూపాలను కాదు, ఏ సహాయక క్రియను ఎప్పుడు పిలవాలన్నది.

'చేశాను' లాంటిదే 'చేస్తున్నాను' కూడా. 'ఇప్పుడు పనిచేస్తున్నాను', 'ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను' అని రెండు చోట్లా మనం ఒకే క్రియ వాడతాం కనుక, రెండోదాన్ని 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అనేస్తాం. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నవారి నోట కూడా ఈ మాట వింటుంటాను. ఇంగ్లీషులో అది 'ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అవుతుంది. మన 'నుంచి' ఎంతకాలం అన్నదానికీ, ఎప్పటినుంచి అన్నదానికీ సరిపోతుంది. వారు మాత్రం నిడివికి 'ఫర్', మొదలుకు 'సిన్స్' వాడతారు: 'సిన్స్ 2019', 'ఫర్ ఫైవ్ ఇయర్స్'.

రెండో జవాబు

పైన చెప్పినదంతా నిజమే గానీ, ఆ నాలుగు రూపాలనైనా తేలికగా తీసుకోవద్దని నా మనవి. 'షీ వర్క్స్'లోని చివరి 'స్' పలకకుండా వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దానికి తోడు ఒక తికమక: మన వ్యాకరణంలో అతడు, ఆమె, అది అనేవి ప్రథమ పురుష, ఇంగ్లీషువారికి అదే మూడోది, వారి మొదటిది మన ఉత్తమ పురుష. నేను చిన్నప్పుడు ఈ పేర్లను కలగలిపి 'ఐ వర్క్స్' అని రాసి చీవాట్లు తిన్నాను.

ప్రశ్నలోనూ వ్యతిరేకార్థంలోనూ 'డిడ్' వచ్చాక క్రియ మూలరూపంలోనే ఉండాలి. భూతకాలాన్ని 'డిడ్' తీసేసుకుంది కనుక 'డిడ్ నాట్ వర్క్' అనాలే తప్ప 'డిడ్ నాట్ వర్క్డ్' అనరాదు.

ఉచ్చారణ కూడా చూసుకోండి. మనం 'వర్క్డ్' అని రాస్తున్నా పలికేది 'వర్క్‌ట్' అని. క, ప, స, చ వంటి పరుషమైన ధ్వనుల తరువాత అది 'ట్'గా, 'కాల్', 'ప్లే' వంటివాటి తరువాత 'డ్'గా వినిపిస్తుంది. 'వాంట్', 'నీడ్' లాగా ట, డలతో ముగిసేవాటికి మాత్రమే 'వాంటెడ్', 'నీడెడ్' అని అదనంగా ఒక అక్షరం పలుకుతుంది. 'వర్కెడ్', 'స్టాపెడ్' అంటే వినేవారు ఒక్క క్షణం ఆగిపోతారు. అన్నట్టు, ఈ 'వర్క్' కూడా మొదటినుంచీ బుద్ధిమంతురాలేమీ కాదు. దాని పాత భూతకాల రూపం 'రాట్'. ఆ మాట ఇప్పుడు 'రాట్ ఐరన్' అని చేత ఇనుముకు విశేషణంగా మిగిలింది.

తిరిగి ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. 'వెన్ ఐ విల్ ఫినిష్, ఐ విల్ కాల్ యూ' అని రాస్తే మా పొరుగావిడ మొదటి 'విల్' కొట్టేశారు. ముగించడం కూడా రేపటి పనే కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు

రేపటి పనే గానీ, 'ముగించగానే ఫోన్ చేస్తాను' అని మీరు తెలుగులో అనేటప్పుడు 'ముగించగానే'లో కాలం ఎక్కడుందో చూడండి. కాలమంతా 'చేస్తాను'లోనే ఉంది. ఇంగ్లీషువారూ ప్రధాన వాక్యానికి మాత్రమే 'విల్' ఇచ్చి, వెన్, ఇఫ్, ఆఫ్టర్, అంటిల్‌లతో మొదలయ్యే ఉపవాక్యాన్ని 'వెన్ ఐ ఫినిష్' అని వదిలేస్తారు. 'వర్షం వస్తే' అన్నా ఇంతే, 'ఇఫ్ ఇట్ రెయిన్స్' అంటే చాలు. అయితే 'ఎప్పుడు ముగిస్తారు?' అని సూటిగా అడిగితే అది ఉపవాక్యం కాదు, అదే ప్రధాన వాక్యం. అక్కడ 'వెన్ విల్ యూ ఫినిష్?' అనే అనాలి.