ఆపరేషన్ అయిన వైపు చేతితో బరువులు ఎత్తొచ్చా, ఎత్తకూడదా?

కృష్ణలంక
అందరికీ నమస్కారం. నాకు ఎడమ రొమ్ముకి క్యాన్సర్ ఆపరేషన్ అయింది, చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) కూడా తీసేశారు. కీమో, రేడియేషన్ పూర్తయ్యాయి. గండం గడిచిందనుకుంటే ఈ మధ్య ఆ చెయ్యి వాస్తోంది. పొద్దున పర్లేదు, సాయంత్రానికి బరువెక్కుతుంది. జాకెట్టు చెయ్యి పట్టేస్తోంది. ముంజేతి మీద వేలితో నొక్కితే సొట్ట పడి కాసేపు అలాగే ఉంటోంది. లింఫెడీమా అన్నారు, అంటే లింఫ్ ద్రవం నిలిచిపోయి వచ్చే వాపట. ఆపరేషన్ చేసిన డాక్టరుగారేమో ఆ చేత్తో బరువులు ఎత్తొద్దన్నారు. ఫిజియోథెరపీ ఆవిడేమో ప్రెషర్ స్లీవ్ (చేతిని బిగుతుగా పట్టి ఉంచే తొడుగు) వేసుకుని చిన్న డంబెల్‌తో మొదలుపెట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి? మా వీధిలో ఆర్ఎంపీ అయితే నీరు తీసే మాత్రలు ఇస్తానంటున్నాడు.

హనుమకొండ పిన్ని
డాక్టరు మాట వినమ్మా. నా ఆపరేషన్ అయి చాలా ఏళ్లయింది. డిశ్చార్జ్ చేసేటప్పుడు కాగితం మీద రాసిచ్చారు. ఆ చేత్తో 2 కిలోలు మించి ఎత్తొద్దు, ఆ చేతికి బీపీ చూడనియ్యొద్దు, సూది గుచ్చనియ్యొద్దు. అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నా. నా చెయ్యి ఉన్నంతలో మంచిగున్నది. ఒకసారి ఒక ల్యాబ్‌లో చిన్నపిల్ల నేను వద్దంటున్నా వినకుండా ఆ చేతికే బీపీ పట్టా కట్టింది. ఆ రాత్రికే చెయ్యి ఉబ్బింది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

చింతచిగురు
మా వదిన జిమ్‌కే వెళ్తోంది. బాగానే ఉంది.

ఫిజియో సీతమ్మధార
కృష్ణలంక గారూ, ముందు ఆ మాత్రల సంగతి. వేసుకోకండి. లాసిక్స్ లాంటివి ఒంట్లో నీటిని మూత్రంలో పంపుతాయి గానీ, చేతిలో నిలిచిన మాంసకృత్తుల ద్రవాన్ని కదిలించలేవు. బిళ్లలు తీసేశాక ఆ ద్రవం వెళ్లే దారులు తగ్గిపోతాయి. మిగిలిన దారుల్లోంచి దాన్ని నెట్టేది కండరాల కదలికే. పైనుంచి స్లీవ్ ఒత్తిడి ఉంటే ఇంకా బాగా కదులుతుంది.

ఇక బరువులు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అప్పటికే చేయి వాచిన 141 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు చేత ఏడాది పాటు వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. ఏడాది చివర కొలిస్తే వాపు పెరిగినవాళ్లు రెండు జట్లలోనూ దాదాపు సమానమే. పైగా మధ్యలో ఉన్నట్టుండి వాపు ముదిరినవాళ్లు ఎత్తినవాళ్లలో 14 శాతం, ఎత్తనివాళ్లలో 29 శాతం. ‘ఎత్తొద్దు’ అన్నది పాతకాలపు సలహా.

పిన్నిగారూ, బీపీ గురించి కూడా చెప్తాను. 2016లో బోస్టన్ వాళ్లు 632 మందిని గమనించి, బీపీ పట్టాకీ, రక్తం తీయడానికీ, చేయి లావవడానికీ సంబంధం కనపడలేదని జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో రాశారు. సంబంధం కనపడింది వేరేవాటికి: చంకలో బిళ్లలు పూర్తిగా తీయడం, అక్కడ రేడియేషన్, చర్మానికి ఇన్ఫెక్షన్, అధిక బరువు.

హనుమకొండ పిన్ని
అధిక బరువా? నన్ను లావు అంటున్నావా తల్లీ? నా చెయ్యి ఉబ్బింది ఆ పిల్ల బీపీ చూసిన రాత్రి. తిండి ఎక్కువై కాదు.

ఫిజియో సీతమ్మధార
మిమ్మల్ని అనలేదండీ, అధ్యయనంలో తేలింది చెప్పాను. రెండో చేతికి చూసే వీలుంటే దానికే చూపించుకోండి, తప్పేం లేదు. కానీ అత్యవసరంలో ఈ చేతికి పట్టా కట్టారని వారం రోజులు బెంగపడక్కర్లేదు.

హనుమకొండ పిన్ని
బోస్టన్‌లో ఆడవాళ్లు బిందెలు మోస్తారా? వాళ్ల చేతులు వేరు, మన చేతులు వేరు.

నెల్లూరు అబ్బాయి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా అమ్మకీ ఇదే. అయితే మా ఊళ్లో అందరూ బోదవ్యాధి అంటున్నారు. ఏటా ఇంటింటికీ ఇచ్చే డీఈసీ మాత్రలు వేస్తే పోతుందంటున్నారు. పక్కింటావిడ అమ్మ తాగిన గ్లాసు విడిగా పెట్టింది.

ఫిజియో సీతమ్మధార
అమ్మకి ఆపరేషన్‌లో బిళ్లలు తీశాక, ఆ వైపు చేయే వాచిందా? అయితే అది బోద కాదు, ఎవరికీ అంటదు. బోద దోమకాటుతో వచ్చే పురుగు వల్ల వస్తుంది. డీఈసీ పని ఆ పురుగు మీదే. అయితే వాపు కొత్తగా మొదలైనా, ఒక్కసారిగా పెరిగినా ఒకసారి క్యాన్సర్ డాక్టరుకి చూపించండి. చంకలో మళ్లీ ఏమైనా వచ్చిందా, నరంలో రక్తం గడ్డకట్టిందా అని వాళ్లు చూడాలి. పక్కింటావిడకి మాత్రం నా దగ్గర మందు లేదు.

రామవరప్పాడు రింగ్
క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టేస్తే పోలా? మెడికల్ షాపులో దొరుకుతుంది. ఇంతమాత్రానికి ఇంత చర్చా?

ఫిజియో సీతమ్మధార
అది కాలు బెణికితే కట్టేది. సాగుతుంది, ఒక్కచోట గట్టిగా బిగుసుకుంటే కింద వేళ్లు వాస్తాయి. దీనికి వాడేది తక్కువ సాగే బ్యాండేజీ. వేళ్ల నుంచి మొదలుపెట్టి పొరలు పొరలుగా, కింద ఒత్తిడి ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ ఉండేట్టు కడతారు. నేర్చుకుంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు. వాపు తగ్గాక కొలత తీసి స్లీవ్ ఇస్తారు.

చింతచిగురు
మే నెలలో స్లీవ్ వేసుకుని వంటగదిలో నిలబడిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా వదిన మధ్యాహ్నానికే పీకి పారేస్తుంది. లోపల చెమటకి దురద పుడుతుందట.

కృష్ణలంక
నేను నిలబడుతున్నాను. రెండు స్లీవులు ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఉతికిన ఇంకొకటి. రాత్రికి తీసేసి, చెయ్యి కడిగి తుడిచి కొబ్బరినూనె రాస్తాను. నూనె మీద స్లీవ్ ఎక్కిస్తే బట్ట పాడవుతుందన్నారు, అందుకే రాత్రే. టైలర్ టేపుతో మణికట్టు దగ్గర, మోచేతికి కింద, పైన కొలిచి క్యాలెండర్ వెనక రాసుకుంటున్నాను. కానీ నా ప్రశ్న బరువుల గురించి.

హనుమకొండ పిన్ని
చెప్పాను కదా, ఎత్తొద్దు.

ఫిజియో సీతమ్మధార
పిన్నిగారూ, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ఇలా భయపెట్టే మాటలు విని ఎంతోమంది చెయ్యి కదపడం మానేశారు. భుజం బిగుసుకుపోయి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవక నా దగ్గరికొస్తారు. కూర్చోబెట్టడాన్ని జాగ్రత్త అంటే ఎలా?

హనుమకొండ పిన్ని
కూర్చోబెట్టారా? నన్నెవరు కూర్చోబెట్టారమ్మా?

ఆపరేషన్‌కి ముందు మా ఇంట్లో పదిమందికి వంట నేనే. దుప్పట్లు నేనే పిండాలి, బియ్యం బస్తా నేనే జరపాలి, సిలిండర్ నేనే దొర్లించాలి. కుట్లు మానకముందే మా అత్త ఉతికే బట్టలు తెచ్చి నా ముందు పడేసింది. అప్పుడు ఆ 2 కిలోల కాగితం ఫ్రిజ్ మీద అంటించిన. డాక్టరు రాసిండు అంటే మా అత్త నోరు మూతపడ్డది. మా ఆయన మొదటిసారి బిందె ఎత్తిండు. ఇన్నేళ్లు నన్ను కాపాడింది ఆ కాగితమే, నీ స్లీవ్ కాదు. ఇప్పుడు నువ్వొచ్చి డంబెల్స్ ఎత్తొచ్చు, బీపీ చూపించుకోవచ్చు అని రాస్తావు. మా ఆయన ఫోన్‌లో ఇది చదివితే ఏమంటడో తెలుసా? ‘మరి సిలిండర్ జరపొచ్చు కదా’ అంటడు.

చింతచిగురు
🙏 పిన్నీ

నెల్లూరు అబ్బాయి
ఇది చదివాక నేను లేచి అమ్మ చేతిలో రుబ్బురోలు పొత్రం తీసుకున్నాను. వ్యాయామమే కదా అని ఊరుకున్నా ఇన్నాళ్లూ.

ఫిజియో సీతమ్మధార
పిన్నిగారూ, డంబెల్ అంటే అర కిలోతో మొదలు. స్లీవ్ వేసుకుని, నేర్పేవాళ్ల ఎదురుగా, వారానికి రెండుసార్లు. చెయ్యి బరువెక్కకపోతేనే కొంచెం కొంచెం పెంచడం. ఆ 2009 అధ్యయనంలో కూడా మొదటి 13 వారాలు శిక్షకులు పక్కన నిలబడి చేయించారు. మధ్యలో ఆగడం మన చేతిలో ఉంటుంది. తడి దుప్పటి పిండేటప్పుడు ఆగమనేది ఎవరు? అది వ్యాయామం లెక్కలోకి రాదు. అయినా బీపీ విషయంలో మాత్రం నేను చెప్పిందే కరెక్టు.

హనుమకొండ పిన్ని
ఆ రాత్రి ఉబ్బింది.

కృష్ణలంక
పిన్నీ, నా గోడు మీ గోడుకి తలకిందులు. నాకు కర్రీ పాయింట్ ఉంది. ఇల్లు దాని మీదే గడవాలి. ‘ఎత్తొద్దు’ అన్న మాట విన్నప్పటి నుంచి మా వాళ్లు నన్ను గరిటె కూడా పట్టనివ్వడం లేదు. జాలి అనుకుంటున్నారు వాళ్లు. కుర్రాడిని పెట్టారు, ఉప్పు ఎక్కువేస్తాడు, గిరాకీ సగానికి పడిపోయింది. మా ఆయన కొట్టు మూసేద్దామంటున్నాడు. మీ ఇంట్లో కాగితం మిమ్మల్ని కాపాడింది, మా ఇంట్లో అదే కాగితం నా కొట్టు మూయిస్తోంది. అందుకే అడిగాను. పాతిక మంది సాంబారు డేక్షా ఒక్కదాన్నే దించుతానని కాదు.

రామవరప్పాడు రింగ్
ఏ సెంటరండీ? బెండకాయ వేపుడు ఉంటుందా?

ఫిజియో సీతమ్మధార
డేక్షా ఇద్దరు పట్టి దించాలి, ఇప్పుడే కాదు, ఎప్పటికీ. గరిటె తిప్పండి, కూరలు తరగండి, మధ్యమధ్యలో చెయ్యి పైకెత్తి పిడికిలి మూసి తెరవండి. నూనె చిట్లి కాలకుండా పొడవు గ్లవుజు వేసుకోండి, కత్తి గాటు పడితే వెంటనే సబ్బుతో కడిగి మందు రాయండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే మాత్రం స్లీవ్ తీసేసి, చేతికి మర్దన చేస్తుంటే ఆపి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది, తెల్లారేదాకా ఆగొద్దు. వచ్చేసారి మీ ఫిజియో చేత చీటీ మీద రాయించుకోండి, ఏ బరువు, ఎన్నిసార్లు, ఏ పని చేయొచ్చు, ఏది ఇద్దరు చేయాలి అని విడివిడిగా. పిన్నిగారూ, మీరూ అలాంటిదే రాయించుకోవచ్చు. పాత కాగితం తీయక్కర్లేదు, దాని పక్కనే పెట్టండి.

హనుమకొండ పిన్ని
రాయిస్త. తెలుగులో రాయమను, మా అత్తకి ఇంగ్లీషు రాదు. సిలిండర్ సంగతి మొదటి లైన్లోనే ఉండాలి.