స్కూటర్ క్రాంకు పళ్లు అరిగాయి: వెల్డింగా, జిగురా, కొత్త క్రాంకా?

దిల్‌సుఖ్‌నగర్ బండి:
నాది 110 సీసీ స్కూటర్. 2017లో కొన్నాను, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ నాంపల్లి దాకా వెళ్లి రావాలి. నెల రోజులుగా సిగ్నల్ దగ్గర ఆగితే ఎడమ పక్క టకటకమంటోంది, యాక్సిలరేటర్ తిప్పగానే ఆ చప్పుడు పోతోంది. కిక్ కొడితే జారుతోంది. మెకానిక్ బెల్టు కవరు విప్పితే, ముందు పుల్లీ నట్టు చేత్తో తిప్పినా తిరిగింది. దాని చుట్టూ ఇటుక రంగు పొడి. ఫ్యాను ఉన్న పుల్లీ తీసి చూస్తే మధ్య రంధ్రంలో పళ్లు దాదాపు లేవు. పుల్లీ ఎక్కే షాఫ్ట్, అంటే ఇంజిన్ క్రాంకు కొస, దాని పళ్లు ఉన్నాయి గానీ ఒక పక్క అరిగి రంపం మొనల్లా అయ్యాయి. వానాకాలంలో మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లలోంచి రెండుసార్లు తీసుకెళ్లాను, దానివల్లే తుప్పు పట్టిందేమో.

ముగ్గురిని అడిగితే మూడు మాటలు. కొత్త పుల్లీ వేసి షాఫ్ట్‌కు వెల్డింగ్ చేయిస్తే పుల్లీ ధర కాక అయిదు వందల్లో అయిపోతుందని ఒకరు. లాక్‌టైట్ 660 అనే ఇనుప జిగురు పూసి బిగించమని ఇంకొకరు. ఇంజిన్ దించి క్రాంకు మార్చక తప్పదని మూడో ఆయన. కూలితో కలిపి ఎనిమిది వేలు చెప్పాడు. బండి అమ్మితే పాతిక వేలు రావు. మీరైతే ఏం చేస్తారు?

రోజుకు వంద కిలోమీటర్లు:
వెల్డింగే. నేను డెలివరీ పని చేస్తాను, నాదీ ఇదే జబ్బు. రెండు చోట్ల చుక్క పెట్టించి పద్నాలుగు నెలలైంది, తిరుగుతూనే ఉంది. ఇంజిన్ విప్పితే నాలుగు రోజులు బండి ఉండదు. ఆ నాలుగు రోజులు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?

పాత సామాను:
తుక్కులో అమ్మిన ఇంజిన్ నుంచి క్రాంకు తెచ్చుకోండి, సగం ధర. పుత్లీబౌలిలో ఓపికగా వెతికితే దొరుకుతుంది.

బాలానగర్ లేత్:
పాత క్రాంకు వద్దు. దాని కనెక్టింగ్ రాడ్ బేరింగు ఎన్ని వేలు తిరిగిందో ఎవరికీ తెలియదు. ఇంజిన్ రెండోసారి విప్పే కూలి మీరే కట్టుకోవాలి.

ఇక వెల్డింగ్. పద్నాలుగు నెలలు నడిచిందంటే నమ్ముతాను, ఎన్నో చూశాను. రోజుకు వంద చొప్పున ముప్పై వేల కిలోమీటర్లు దాటి ఉంటాయి. మధ్యలో బెల్టు ఎలా మార్చారు? పుల్లీ ఊడితేనే కదా బెల్టు బయటికి వచ్చేది!

రెండో సంగతి. గట్టిపరిచిన ఉక్కును ఒక్కచోట కరిగించి వదిలేస్తే దాని చుట్టూ గాజులా పెళుసెక్కుతుంది. పగులు వచ్చినా కంటికి కనబడదు. పైగా బండి మీదే వెల్డింగ్ చేస్తే ఎర్త్ క్లిప్పు ఎక్కడ తగిలిస్తారు? చట్రానికి. కరెంటు క్రాంకు బేరింగుల గుండా వెళ్తుంది, గోళీల మీద గుంటలు పడతాయి. ఆరు నెలలకు గుయ్యిమని మోత వస్తే వెల్డింగ్‌ను ఎవరూ అనుమానించరు.

సరిగ్గా చేయాలంటే క్రాంకు బయటికి తీసి, పళ్లు పోసి, మళ్లీ కోసి, వంకర చూసి బిగించాలి. అది మా పనే, నాకు డబ్బు వచ్చే పనే. అయినా చెబుతున్నాను: అంత దూరం ఇంజిన్ విప్పాక కొత్త క్రాంకుకు అదనంగా పడేది సామాను ధర ఒక్కటే. నా కూలి దానికన్నా పెద్ద తక్కువేమీ ఉండదు.

జిగురును మాత్రం కొట్టిపారేయను. 660 అర మిల్లీమీటరు సందు వరకు నింపుతుంది, 150 డిగ్రీల వేడి ఓర్చుకుంటుంది. షరతులున్నాయి. నూనె చుక్క కూడా లేకుండా తుడవాలి, ఒక రోజు ఆరనివ్వాలి. తర్వాత తీయాలంటే గట్టిగా వేడి చేయాలి, పక్కనే రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది.

ముందు ఇది చూడండి. కొత్త పుల్లీని నట్టు లేకుండా షాఫ్ట్‌కు ఎక్కించి, క్రాంకు కదలకుండా పట్టుకుని, పుల్లీ అంచును అటూ ఇటూ తిప్పండి. అంచు దగ్గర ఎంత ఆడుతుందో కొలవండి. పుల్లీ వెడల్పు షాఫ్ట్‌కు దాదాపు ఏడు రెట్లు, కాబట్టి వచ్చినదాన్ని ఏడుతో భాగిస్తే పంటి దగ్గర సందు ఎంతో తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్లయితే జిగురుకు అవకాశం ఇవ్వవచ్చు.

ఆ పొడి వాన నీళ్ల తుప్పు కాదు. వదులైన ఇనుము ఇనుముతో రాసుకుంటే రాలే పొడి అది.

రోజుకు వంద కిలోమీటర్లు:
బెల్టు మార్చేటప్పుడు గ్రైండర్‌తో కోసి, మళ్లీ అతికించారు. షాఫ్ట్ కొస కొంత పోయిన మాట నిజమే. మూడోసారి రాకముందే బండి మార్చేస్తాను. అందరి బండీ పదేళ్లు ఉండాలని లేదు కదండీ.

బాలానగర్ లేత్:
అమ్మేటప్పుడు కొనేవాడికి చెబుతారా?

తార్నాక పానా:
నా బండి పని నేనే చేసుకుంటాను, అందుకే అడుగుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్ గారూ, బెల్టు ఎప్పుడు మార్పించారు?

దిల్‌సుఖ్‌నగర్ బండి:
నాలుగు నెలల కిందట, మా వీధి చివర షెడ్డులో. గాలి గన్నుతో బిగించాడు, నేను అక్కడే ఉన్నాను. దానికీ దీనికీ సంబంధమేమిటండీ?

తార్నాక పానా:
సంబంధమంతా అక్కడే ఉంది. ర్యాంప్ ప్లేటు (లోపలి పక్క రోలర్లు ఆనే పలక), బుష్ (మధ్య గొట్టం), ఫ్యాను పుల్లీ, ఈ మూడింటినీ నట్టు ఒకే ముద్దలా నొక్కి పట్టాలి. ఇంజిన్ బలం ఎక్కువగా ఆ నొక్కుడు మీదే సాగుతుంది. నట్టు వదులైతే పాపం పళ్లే సుత్తి దెబ్బలన్నీ తినాలి.

కొత్త బెల్టు వెడల్పుగా ఉంటుంది. వెనక పుల్లీ పలకలు విడదీసి బెల్టును లోపలికి దింపకపోతే ముందు పక్కకు వదులు రాదు. అప్పుడు ముందు పక్కనే, ఫ్యాను పుల్లీకీ దాని జోడీ పలకకూ మధ్య బెల్టు నలుగుతుంది, పుల్లీ బుష్‌కు ఆనదు. నట్టు మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, గన్ను టకటకా కొట్టి ఆగుతుంది. ఇంజిన్ తిరిగి బెల్టు సర్దుకోగానే నట్టు కింద సందు మిగులుతుంది. నాకూ మొదటిసారి ఇలాగే అయింది. అదృష్టం, ఇరవై కిలోమీటర్లలోనే చప్పుడు వినబడింది. ఈ తప్పు మళ్లీ చేస్తే కొత్త క్రాంకు పళ్లూ నాలుగు నెలలే.

బాలానగర్ లేత్:
నేను మొదటే అడగాల్సిన ప్రశ్న. పళ్ల మీదే కళ్లు పెట్టాను.

దిల్‌సుఖ్‌నగర్ బండి:
కొలిచాను. అంచు దగ్గర అయిదు మిల్లీమీటర్లకు పైనే ఆడుతోంది. ఏడుతో భాగిస్తే జిగురు హద్దు దాటింది. నెలాఖరులో క్రాంకు పనికి ఇస్తాను, అప్పటిదాకా బస్సే.

దిల్‌సుఖ్‌నగర్ బండి:
పని అయింది. క్రాంకు, ఆయిల్ సీళ్లు, రెండు బేరింగులు, పుల్లీ, కొత్త నట్టు. తొమ్మిది వేల ఏడు వందలు. బెల్టు ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. వెనక పుల్లీ పలకలు విడదీసి బెల్టును లోపలికి తోయమని అడిగితే మెకానిక్ నా వంక అదోలా చూశాడు, కానీ చేశాడు. ముందు పక్క బెల్టు అంగుళం దాకా వేలాడింది. పుల్లీ బుష్‌ను తాకినప్పుడు టక్కుమన్న చప్పుడు నాకూ వినబడింది. తర్వాత బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితో బిగించాడు. రెంచి పక్క కొట్టు నుంచి అరువు తెచ్చాడు.

రోజుకు వంద కిలోమీటర్లు:
ఎనిమిది వేలన్నది దాదాపు పది వేలు, పైగా నెలాఖరు దాకా బస్సు. నా లెక్క మారలేదు. ఆ బెల్టు దింపే సంగతి మాత్రం మా మెకానిక్‌కు చెబుతాను.