తల్లిదండ్రులు లేని అక్కాతమ్ముళ్లను ఊళ్లోనే, అవ్వ దగ్గరే ఉంచి చదివించడం ఎలా?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా):
మా బడిలో ఏడో తరగతి చదివే అమ్మాయి, మూడో తరగతిలో ఉన్న ఆమె తమ్ముడు తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని అవ్వ దగ్గర ఉంటున్నారు. ఆమెకు వచ్చే 4,000 రూపాయల పింఛనుతోనే ఇల్లు గడుస్తోంది. వేరుశనగ పీకే రోజుల్లో అమ్మాయి కూలికి పోతుంది. మర్నాడు బడికి వచ్చినప్పుడు గోళ్లలో ఎర్రమట్టి అలాగే ఉంటుంది. ఇద్దరినీ చెరో హాస్టల్లో వేయమని బంధువులు అంటున్నారు. అక్కను విడిచి ఉండలేనని పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఊరివాళ్లకు సాయం చేయాలనే ఉంది కానీ, అది నాలుగు నెలలతో ఆగిపోకుండా ఎలా నడిపించాలి?

జవాబు 1 (బాలల సంరక్షణ విభాగంలో పనిచేసినవాడిని):
పిల్లలను సంస్థల్లో చేర్చడం చిట్టచివరి మార్గంగానే ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది కాబట్టి, హాస్టల్ ఆలోచనను ముందు పక్కన పెట్టండి. బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు మిషన్ వాత్సల్య అనే బాలల సంరక్షణ ప్రభుత్వ పథకం కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు మించకూడదు. అవ్వ పింఛను ఏడాదికి 48,000 మాత్రమే. తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్, రేషన్ కార్డు, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు ఇవ్వండి. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

జవాబు 2 (డ్వాక్రా సంఘం నాయకురాలిని):
చందాలు వసూలు చేయకండి సార్. మొదటి నెల అందరూ ఇస్తారు, మూడో నెలకు అడగడానికే మొహమాటం అవుతుంది. డబ్బు ప్రభుత్వం నుంచి రానివ్వండి, ఊరు పనులు పంచుకోవాలి. అవ్వను ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు, అమ్మాయి బడికి రాని రోజు ఇంటికి వెళ్లి అడిగేది ఎవరు అన్నది సంఘం సమావేశంలో పేరు పెట్టి రాసుకోవాలి. తండ్రి పేరున పొలం ఉంటే దాన్నీ గమనించండి. మైనర్ పిల్లల ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మే అధికారం అవ్వకు గానీ, బాబాయికి గానీ లేదు.

జవాబు 3 (అవ్వ పెంచిన మనిషిని):
ఒక్కటే ప్రార్థిస్తున్నాను: ఏమిచ్చినా ఇంటికి వెళ్లి ఇవ్వండి. నాకు పుస్తకాల సంచి ఇచ్చినప్పుడు బడి మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశారు. ఏడాదంతా ఆ సంచిని ఇంట్లోనే దాచి, పుస్తకాలు చేత్తో పట్టుకుని వెళ్లాను. మా పక్కింటి పెద్దమ్మ మాత్రం తన పిల్లలకు జడ వేసేటప్పుడు నన్నూ పిలిచి కూర్చోబెట్టుకునేది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు:
అందరికీ కృతజ్ఞతలు. తల్లి పుట్టింట్లో చనిపోయి పద్నాలుగు నెలలైంది. ఆ మరణం నమోదు కాలేదని ఇప్పుడే తెలిసింది.

జవాబు 1:
ఏడాది దాటింది కాబట్టి నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కావాలి. మరణం జరిగిన ఊరి పరిధిలోనే దరఖాస్తు చేయాలి. అవ్వను ఒంటరిగా పంపకండి, మీరో సంఘం వారో వెంట వెళ్లండి.